పిల్లికి రాసిన పొడి

మా మేనత్త చేతుల గురించి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ పిల్లి దగ్గరికి వచ్చేసరికి ఏదో పని గుర్తొచ్చి లేచిపోయాను. అందుకని ఈసారి పిల్లితోనే మొదలుపెడుతున్నాను. మా పిల్లిని చంపింది నేను. చంపాలని చంపలేదు, బాగుచేద్దామనే చేశాను. కానీ ఆ తర్వాత చేసింది మాత్రం తెలిసే చేశాను.

అరవైల చివర్లో మాట. శృంగవరపుకోటకి నాలుగు మైళ్ళ దూరంలో మా ఊరు. పల్లంలో వరి, మెట్టలో చోళ్ళనే రాగులు, గోగు. నేను ఎస్సెల్సీ పాసై, కోటలో ఒక ఎరువుల కొట్లో గుమస్తాగా చేరాను. కొత్తరకం వరి విత్తనాలు అప్పుడప్పుడే మా వైపు వస్తున్నాయి, వాటి వెనకే పురుగుమందులు కూడా. బి.హెచ్.సి. పొడి బస్తాలు కొట్టు నిండా ఉండేవి. ముక్కు పుటాల్లోంచి గొంతులోకి దిగే ముక్క వాసన. రోజంతా దాని మధ్యే కూర్చోవడం వల్ల నా చొక్కాకి, తలకి, చివరికి నా సైకిల్ సీటుకి కూడా ఆ వాసనే. ఇంట్లోవాళ్ళు మొదట్లో ముక్కు మూసుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు.

రైతులు నన్ను ‘మందుల బాబు’ అనేవారు. ఇరవై ఏళ్ళవాడి తల తిరగడానికి ఆ పిలుపు చాలు. బస్తామీద ఇంగ్లీషులో రాసింది నాకు సగమే అర్థమయ్యేది. మిగతా సగం సొంతంగా కల్పించి చెప్పేసేవాణ్ణి. టెరిలిన్ చొక్కా, జేబులో పెన్ను, నోట్లో ఇంగ్లీషు ముక్కలు నాలుగు. ఎదురుగా నాన్న వయసువాళ్ళు తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడి వినేవారు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే.

మా మేనత్త నాన్నకి అక్క. పదిహేనేళ్ళకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. నన్నూ, అన్నయ్యనూ, మా వీధిలో సగంమంది పిల్లల్నీ కాళ్ళమీద బోర్లా వేసుకుని నీళ్ళు పోసిన మనిషి. పిల్లల తలలో పేలు పడ్డా, కుక్కకి గోమార్లు పట్టినా, దూడ చెవుల్లో పిడుదులు చేరినా జనం మా గుమ్మంలోకే వచ్చేవారు. ‘ఆవిడ సెయ్యి మంచిది’ అని ఊళ్ళో పేరు. ఆ పేరు తప్ప అత్తకంటూ ఆ ఇంట్లో ఇంకేమీ లేదన్న సంగతి నాకు ఆ రోజుల్లో తట్టలేదు.

వైద్యానికి వచ్చినవాళ్ళని అత్త ముందు ప్రశ్నలడిగేది. ‘ఇది ఒల్లు నాక్కుంటాదా? పాలు తాగే పిల్లలున్నాయా? ఎక్కడ పడుకుంటాది?’ ఈ మూడూ తేలితే గానీ చెయ్యి వేసేది కాదు. కుక్కకైతే కుంకుడు రసంతో స్నానం, మెడకీ వీపుకీ కాస్త కానుగ నూనె. దూడకి పిడుదులు ఒక్కొక్కటే ఏరి నిప్పుల్లో వేసేది. పిల్లికి మాత్రం ఏదీ రాసేది కాదు. పేలదువ్వెనతో ఓపిగ్గా దువ్వి, దువ్వెనకి చిక్కిన గోమార్లని పక్కనున్న కుంకుడు నీళ్ళలో ముంచేది. ‘పిల్లికి రాసింది పిల్లి కడుపులోకే ఎల్తాది’ అనేది. అసలు పని జంతువు మీద కాదని, అది పడుకునే చోట ఉందని ఆవిడ లెక్క. గోనె ఉడకబెట్టాలి, నేల అలకాలి, మూలమూలలా తుడవాలి. ఇరవై రోజులు, నెల రోజులు విడవకుండా చెయ్యాలి. నేను దీన్ని చాదస్తం అనేవాణ్ణి. నెల రోజులు దువ్వడమేమిటి, పొడి చల్లితే గంటలో తేలిపోయేదానికి!

ఆ యేడు అన్నయ్యకి ఆడపిల్ల పుట్టింది. పాపకి ఐదో నెల వచ్చేసరికి అత్త పిల్లి గాదె వెనక మూడు పిల్లల్ని పెట్టింది. చిత్తడి కాలం. గోమార్లు ఇల్లంతా పాకాయి. నల్లగా, నువ్వుగింజలో సగం కూడా ఉండని పురుగు, వేలు పెట్టేలోపు ఎగిరి ఎక్కడో పడేది. మా పిక్కలు గోక్కుని గోక్కుని పుళ్ళు పడ్డాయి. మేం ఎలాగో ఓర్చుకున్నాం గానీ, ఐదు నెలల పసిపాప నడుం చుట్టూ ఎర్రటి దద్దుర్లు వచ్చేసరికి వదిన ఏడుపు మొదలుపెట్టింది. అమ్మ నిప్పులు చెరిగింది.

“ఆదివారం దాకా సూత్తాను. అప్పటికీ తగ్గకపోతే తల్లినీ పిల్లల్నీ సంచిలో ఏసి కొండ కాడ వదిలేయిత్తాను. నాకు మనవరాలి కన్నా పిల్లి ఎక్కువేటి?”

అత్త వెంటనే పేలదువ్వెన తీసింది. పొద్దుటా సాయంత్రమూ కూర్చుని పిల్లిని దువ్వడం మొదలుపెట్టింది. గోనె రోజూ ఉడకబెట్టింది. పిల్లి ఆవిడ ఒళ్ళో వెల్లకిలా పడుకుని దువ్వించుకునేది. నాలుగు రోజులకి దద్దుర్లు కొంచెం తగ్గాయి కూడా. కానీ అమ్మ పెట్టిన గడువు దగ్గరకొచ్చేస్తోంది. శుక్రవారం సాయంత్రం అత్త తన మాట తనే తప్పింది. పిల్లి నాలుక అందని చోట, మెడ వెనక, కానుగ నూనె ఒక్క చుక్క రాసింది. రాసిన తర్వాత కూడా చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

శనివారం నాకు మధ్యాహ్నం నుంచి సెలవు. వస్తూ కొట్లోంచి ఒక పొట్లం పొడి తెచ్చాను. అత్త కలుపు తీయించడానికి పొలం వెళ్ళింది. అమ్మా వదినా పాపతో పక్కింట్లో ఉన్నారు. పిల్లిని పట్టుకుని, చెవుల నుంచి తోక దాకా, వెంట్రుకలు పైకెత్తి మరీ పొడి పట్టించాను. పిల్లల్లో రెండింటికి పూశాను. మూడోది గాదె కిందికి దూరి దొరకలేదు. గోమార్లు టపటపా రాలాయి. నిజంగా రాలాయి, నేల మీద నల్లగా. నాకెంత సంబరం వేసిందో చెప్పలేను. సాయంత్రం అత్త రాగానే చూపించి, ‘నెల రోజుల పని గంటలో చేశా చూడు’ అనాలని మాట కూడా సిద్ధం చేసుకున్నాను.

పిల్లి నా చేతుల్లోంచి జారి, గడప మీద కూర్చుని ఒళ్ళు నాక్కోవడం మొదలుపెట్టింది. దానికి మురికి పడదు. ఒక్క మచ్చ లేకుండా, తీరిగ్గా, వీపు తిప్పి తిప్పి నాక్కుంది. నేను ఎదురుగా నిలబడి చూశాను. అత్త మాట గుర్తురాలేదా అంటే, వచ్చింది. ఆ కాస్త పొడికి ఏమవుతుందిలే అనుకున్నాను.

గంటన్నరకి నోట్లోంచి చొంగ కారింది. తర్వాత చెవులు అదిరాయి, ఒళ్ళంతా అదిరింది. ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు కాళ్ళు నాలుగూ కొట్టుకున్నాయి. నేను నీళ్ళు పోశాను, మజ్జిగ పట్టించబోతే పళ్ళు బిగుసుకుపోయాయి. పొద్దు వాలకముందే పోయింది. పొడి పూసిన పిల్లలు రెండూ ఇంకా ముందే పోయాయి. నేను నేల మీది పొడిని తుడిచి, పొట్లం తీసుకెళ్ళి పెంటకుప్పలో లోతుగా పూడ్చాను. పిల్లి వెంట్రుకల మీద పొడి లేదు, అదే నాకేసింది; పిల్లల ఒంటి మీది పొడి నేనే గుడ్డతో తుడిచేశాను. వాసన ఉంది, కానీ మా ఇంట్లో ఆ వాసన నాది. ఎవరూ అనుమానించడానికేం లేదు.

అత్త వచ్చింది. పిల్లిని చూసింది. మెడ వెనక చెయ్యి పెట్టి, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. అప్పుడు అన్న మాట ఇది:

“నానే సంపేసినాను. రాయకూడదని తెలిసీ రాసినాను. పాలల్లోంచి పిల్లలకీ ఎక్కేసినాది. నా సేతుల్తోనే సంపేసినాను.”

ఆ క్షణంలో నేను గుమ్మంలో ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. ‘కాదత్తా, నేను’ అంటే సరిపోయేది. అమ్మ అరుస్తుందని భయమా? కాదు, అమ్మ పిల్లి పోయిందని సంతోషించినా సంతోషించేది. నాకు భయం ‘మందుల బాబు’ పోతాడని. మందు తెలియదని ఊరంతా నవ్వుతుందని. అంత చిన్న భయం కోసం అంత పెద్ద నేరం ఆవిడ నెత్తిన పెట్టేశాను.

పిల్లిని చంపిన పాపానికి బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని మావైపు నమ్మకం. చాలామంది మాటవరసకి అంటారు, చేయించినవాళ్ళని నేను చూడలేదు. అత్త చేయించింది. ఇనప్పెట్టె అడుగున గుడ్డ పేలికలో దాచుకున్న పుస్తె తీసింది. పదిహేనేళ్ళకి మెడలోంచి తీసి దాచుకున్నది అదొక్కటే. అన్నయ్య పట్నంలో పనిమీద ఉన్నాడు, నాన్నకి మోకాళ్ళ నొప్పి. రోజూ కోటకి వెళ్ళేది నేనే.

“ఒరే, కంసాలికి ఇచ్చి, దీన్ని కరిగించి పిల్లి బొమ్మ సేయించి తే. ఎంత సిన్నదైనా పర్లేదని సెప్పు. తోక మాత్రం ఉండాల.”

ఆ పుస్తెని పెన్ను పక్కన జేబులో వేసుకుని సైకిలెక్కాను. నాలుగు మైళ్ళు. దారిలో ఆగి వెనక్కి తిరుగుదామని రెండుసార్లు అనుకున్నాను. రెండుసార్లూ మళ్ళీ తొక్కాను. కంసాలి దాన్ని మూసలో వేసి ఊదుతుంటే, పక్కన బల్ల మీద కూర్చుని చూశాను. చింతపిక్కంత పిల్లి తయారైంది. తోక ఉంది. పురోహితుడికి ఇచ్చే ముందు అత్త దాన్ని అరచేతిలో పెట్టుకుని కళ్ళకద్దుకుంది. నేను పెరట్లోకి వెళ్ళి నూతి దగ్గర ఊరికే నీళ్ళు తోడి పారబోశాను.

దానమిస్తే మనసు తేలికపడుతుందనుకున్నాను. అత్తకి పడలేదు. ఆ రోజు నుంచి కానుగ నూనె సీసా అటకెక్కింది. పేలదువ్వెన వదినకిచ్చేసింది. మిగిలిన పిల్లిపిల్లకి పాలు పట్టమని వదినని బతిమాలింది గానీ తను ముట్టలేదు. వాటన్నిటికన్నా ముఖ్యంగా, పాపకి నీళ్ళు పొయ్యడం మానేసింది. అంతవరకూ రోజూ పొద్దున్నే పీట మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, పాపని పడుకోబెట్టుకుని నూనె రాసి నలుగు పెట్టేది. పాప ఆవిడ కాళ్ళమీద కేరింతలు కొట్టేది. ‘ఈ సేతుల్తోటా? ఒద్దమ్మా, నువ్వే పోసుకో’ అని వదినకి చెప్పేసింది. వదిన మొదట్లో బతిమాలింది. అమ్మ ‘ఆవిడకి చాదస్తం, నాల్రోజుల్లో అదే పోద్ది’ అంది. నాలుగు రోజులు కాదు, నాలుగు నెలలు దాటాయి. ఊళ్ళో వాళ్ళు కూడా కుక్కల్నీ దూడల్నీ తీసుకురావడం తగ్గించేశారు.

నేను మాత్రం రోజూ కొట్టుకి వెళ్ళాను. రైతులకి మందులు చెప్పాను. ఒక్క మార్పు మాత్రం వచ్చింది. బస్తామీద రాసింది నిఘంటువు పెట్టుకుని మొత్తం చదివాను. ఆలస్యంగా వచ్చిన బుద్ధికి మెచ్చుకోలు అక్కర్లేదు.

చలి తగ్గి ఎండలు మొదలయ్యే రోజులు. ఒక ఆదివారం పొద్దున్న ఎదురింటి రైతు పాలు మరవని దూడని పలుపుతో లాక్కొచ్చాడు. చెవులనిండా, తోక కింద, పిడుదులు గుత్తులుగా ఉన్నాయి. అత్త వసారాలో చేటతో చోళ్ళు చెరుగుతోంది.

“పెద్దమ్మా, దీన్ని ఒక్కసారి సూడవా?”

“నా సెయ్యి మంచిది కాదు నాయినా. మావోడున్నాడు కదా, సదూకున్నోడు. ఆడి కాడ పొడి ఉన్నాది. అది రాసుకో, అన్నీ రాలిపోతాయి.”

ఆయన నా వైపు తిరిగాడు. అత్త కూడా చూసింది, నమ్మకంగా. అదే నన్ను పడగొట్టింది. ఆవిడ తన చేతుల మీద పోయిన నమ్మకమంతా తెచ్చి నా పొడి మీద పెట్టింది.

“వద్దు మావా,” అన్నాను. “పొడి వద్దు. దూడని ఆవు నాకుతుంది.”

“నాకితే ఏటవుద్ది? పైపైన రాత్తాను.”

“పైపైన రాసినా అంతే! నాకితే చచ్చిపోతుంది. ముందు చొంగ కారుతుంది. తర్వాత చెవులు అదురుతాయి, కాళ్ళు నాలుగూ కొట్టుకుంటాయి, పళ్ళు బిగుసుకుపోతాయి. నీళ్ళు పోసినా మజ్జిగ పోసినా దిగదు. పొద్దు వాలేలోపు పోతుంది.”

చేట చప్పుడు ఆగిపోయింది. ఆ రైతు, “బాబోయ్, మరి ఒద్దులే” అని దూడని తోలుకుపోయాడు. నేను అత్త వైపు చూడలేదు. చూడకపోయినా ఆవిడ నన్ను చూస్తున్నట్టు తెలుస్తూనే ఉంది.

“మజ్జిగ పోసినా దిగదని నీకెలా తెలుసురా?”

కొట్లో పుస్తకం ఉందని చెప్పడానికి నోరు తెరిచాను. అది కూడా చెప్పేసేవాణ్ణే. ఆవిడ మళ్ళీ అడిగింది, గొంతు ఇంకా తగ్గించి.

“పిల్లికి పోసినావా?”

“పోశాను.”

ఆపైన మొత్తం చెప్పాను. పొట్లం పెంటకుప్పలో పూడ్చింది కూడా చెప్పాను. అత్త తిట్టలేదు. తిడితే బాగుండును, కొట్టినా బాగుండును. ఒళ్ళోని చోళ్ళు చేటలోకి దులుపుకుంది, ఒక్క గింజ కింద పడకుండా. తర్వాత రెండు చేతులూ ముందుకి చాపి, అరచేతులు తిప్పి, మళ్ళీ తిప్పి చూసుకుంది.

“ఈ సేత్తో అన్నం కలుపుకోడానికి అసయ్యం ఏసేదిరా నాకు. రోజూ.”

“అమ్మకి చెప్పేస్తానత్తా. ఇప్పుడే చెప్పేస్తాను.”

“ఒద్దు. ఊళ్ళో నీ మాట ఇని మందులు సల్లుకుంటన్నారు. నువ్వంటే నమ్మకం పోతే ఆళ్ళేటి సేత్తారు? ఈ ఇంట్లో ఒకళ్ళ సేతులు సెడ్డవైతే సాలు.”

అలా అని లేచింది. నూతి దగ్గర మోచేతుల దాకా కడుక్కుంది. అటక మీంచి నూనె సీసా తీయలేదు గానీ, మూలనున్న పీట తెచ్చి పెరట్లో వేసింది. కూర్చుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, కాళ్ళు రెండూ చాపింది. వదినని పిలిచింది.

“పిల్లని తేయే. నాను పోత్తాను నీల్లు.”

వదిన ముఖం వెలిగిపోయింది. పరుగున వెళ్ళి పాపని తెచ్చింది. పాప అప్పటికి దోగాడే వయసుకొచ్చింది, మనుషుల్ని పోల్చుకుంటోంది. అత్త చేతులు చాపింది. పాప ఆ చేతుల వైపు చూసింది, అత్త ముఖం వైపు చూసింది. ఒక్కసారిగా పెదవి విరిచి, వెక్కివెక్కి ఏడుస్తూ వదిన మెడ పట్టుకుని వేలాడింది. కాళ్ళమీద పడుకోబెట్టబోతే వెన్ను విల్లులా వంచేసింది. రెండోసారి ప్రయత్నించారు, మూడోసారి ప్రయత్నించారు. నాలుగు నెలలు మనకే నాలుగు నెలలు, దానికి దాదాపు సగం బతుకు. అత్తని అది ఎరగదు.

“తీస్కుపో, తీస్కుపోవే. ఏడిపించకు,” అని అత్త చాపిన కాళ్ళు ముడుచుకుంది.

వంటింట్లోంచి అమ్మ తొంగిచూసి నవ్వింది. అమ్మకి ఏమీ తెలియదు కదా, ఊరికే ఆటపట్టించింది.

“నా సేతులు మంచివి కావు, మంచివి కావని ఊరంతా సెప్పుకున్నావు. దానికీ తెలిసిపోనాది సూడు!”

అత్త కూడా నవ్వబోయింది. నేను అక్కడే, అమ్మకి మూడు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ఇంట్లో అందరూ వింటున్నారు, ఒక్క మాట చాలు. చెప్పొద్దని అత్తే అంది కదా అని సర్దిచెప్పుకుని, సైకిల్ తీసుకుని బయటికి పోయాను. అమ్మ పోయింది, నాన్న పోయాడు, అత్త కూడా పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆవిడ చేత్తో పిల్లి చచ్చిపోయిందనే మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.